ఆటస్థలము నుండి ఆకాశమునకు

శామీర్‌పేట చెరువుగట్టుపై నడచిపోవు బాటసారి సైతము ఆకాశమున మ్రోత వినిపింపగానే తల యెత్తి చూచును. ఆ మ్రోత ఆ ప్రాంతమువారికి క్రొత్త కాదు. పట్నము వైపు కొంత దూరము పోయినచో హకీంపేట వాయుసేనా స్థావరము వచ్చును. మేడ్చల్‌కు పడమటగా దుండిగల్‌లో వాయుసేన అకాడమీ కలదు. 1967లో నాటి రాష్ట్రపతి డాక్టర్ జాకీర్ హుస్సేన్ దానికి శంకుస్థాపన చేసిరి. దేశపు నలుమూలల నుండి వచ్చిన యువతీయువకులు ఎందరో ఈ నేలపై శిక్షణ పొంది, ఈ నింగిలో రెక్కలు విప్పిరి.

అదే హకీంపేటలో 1993లో నెలకొల్పబడిన రాష్ట్ర క్రీడా పాఠశాల కూడ ఉన్నది. ఒకచోట పిల్లలు పరుగెత్తుటకు బాట. మరియొకచోట విమానములు పరుగెత్తుటకు బాట. ఈ రెండును ఒక్క ఊరి పొలిమేరలో ఉండుట యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఆటస్థలమునకును ఆకాశమునకును గల సంబంధము మాత్రము యాదృచ్ఛికము కాదు. ఆ సంబంధమును గుర్తింపనిచో, ఆటలాడుచు చదువుకొని పిదప వైమానికులైన వారిని ఎంత ఘనముగ సన్మానించినను ఆ సన్మానము సగమే యగును.

బీహారు రాష్ట్రములోని బరౌనీలో చదువుకొన్న భావనా కాంత్ జీవితము ఇందుకు మంచి నిదర్శనము. చిన్ననాటి నుండి ఆమెకు ఖోఖో, బ్యాడ్మింటన్, ఈత యనిన మిక్కిలి మక్కువ. ఆమె బెంగుళూరులోని బి.ఎం.ఎస్. ఇంజనీరింగు కళాశాలలో చదివి 2014లో పట్టము పొందెను. యుద్ధవిమానములు నడుపు శాఖలో అప్పటికి స్త్రీలకు ప్రవేశము లేదు. 2015 అక్టోబరులో ప్రభుత్వము ఆ తలుపు తెరచెను. అవనీ చతుర్వేది, మోహనా సింగ్ అను మరి ఇద్దరితో పాటు భావన ఆ శాఖకు ఎన్నికయ్యెను. హకీంపేటలో కిరణ్ జెట్ విమానములపై వారి అభ్యాసము సాగెను. 2016 జూన్ 18వ తేదీన దుండిగల్ కవాతు మైదానమున ఆ మువ్వురును వాయుసేనాధికారులైరి. భారత వాయుసేనలో యుద్ధవిమాన చోదకులైన తొలి మహిళలు వారే.

2018 ఫిబ్రవరిలో అవని, మార్చిలో భావన మిగ్-21 బైసన్ విమానమును ఒంటరిగా నడపిరి. 2019 మే నెలలో, పగటివేళ యుద్ధవిధులు నిర్వహించుటకు అర్హత సంపాదించిన తొలి మహిళగా భావన పేరు పొందెను. 2020 మార్చిలో ఆ మువ్వురును రాష్ట్రపతి చేతుల మీదుగా నారీశక్తి పురస్కారము అందుకొనిరి.

ఇట్టివారు సన్మానార్హులని ఎవ్వరును వేరుగా చెప్పనక్కరలేదు. కాని వారియందు గౌరవింపవలసిన గుణమేది? వేగమా? సాహసమా? ఇవి రెండును అందరి కంటికిని కనబడునవి. కంటికి కనబడని గుణము మరియొకటి కలదు. దానిని తెలిసికొనుటకు ఖోఖో ఆటను ఒక్కసారి శ్రద్ధగా చూచిన చాలును.

ఖోఖోలో తరుము జట్టువారు తొమ్మండుగురు. వారిలో ఎనమండుగురు రెండు స్తంభముల నడుమ వరుసగా, ఒకరు ఇటును ఒకరు అటును మొగము పెట్టి కూర్చుందురు. తొమ్మిదవవాడు తరుమును. కూర్చున్నవాని ప్రక్కనుండి ప్రత్యర్థి పరుగిడి పోవుచున్నను, వెనుకనుండి తోటివాడు తట్టి 'ఖో' యనువరకు అతడు లేవరాదు. లేచినవాడు ఒకసారి పట్టిన దిక్కును నడిమధ్యలో మార్చరాదు. నడిమి గీతను దాటరాదు. ఎంత వడిగా పరుగెత్తగలవాడైనను తన వంతు వచ్చువరకు ఓర్చుకొనవలెను. వంతు వచ్చిన పిమ్మట ఒక్క క్షణమైనను జాగు చేయరాదు. అలసినవాడు తన స్థానమును తోటివానికి సంతోషముతో అప్పగింపవలెను.

విమానచోదకుని పనియు ఇట్టిదే. విమానములో అతడు ఒక్కడే కూర్చుండవచ్చును. కాని నిజమునకు అతడు ఒంటరివాడు కాడు. యంత్రమును పరీక్షించిన పనివారు, వాతావరణమును కనిపెట్టి చెప్పువారు, దిగుటకు అనుజ్ఞ యిచ్చువారు, తప్పులు దిద్దిన గురువులు, వీరందరును అతని వెనుక వరుసదీరి యున్నారు. వారి మాటను పాటించుట, తన వంతును తాను తప్పక నెరవేర్చుట అతని ధర్మము. ఖోఖో ఆడిన ప్రతి బాలికయు వైమానికురాలు కాదు, కానవసరమును లేదు. కాని పదిమందితో కలసి ఆడినవారికి ఈ నియమము పుస్తకము చదువకయే వంటబట్టును.

కళాశాల క్రీడాకారుడై పిదప సేనలో వైమానికుడైన మరియొకని చరిత్రము అమెరికాలో నేటికిని చెప్పుకొందురు. అతని పేరు నైల్ కిన్నిక్. అతడు అయోవా విశ్వవిద్యాలయ విద్యార్థి. చదువునందును అమెరికా ఫుట్‌బాల్ ఆటయందును అగ్రశ్రేణిలో నిలిచినవాడు. 1939లో అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ క్రీడాకారులకు అత్యున్నతమైన హైస్‌మన్ బహుమానము అతనికి లభించెను. అప్పటికి యూరపులో రెండవ ప్రపంచయుద్ధము ప్రారంభమై కొలది నెలలే అయినది. బహుమానము అందుకొనుచు కిన్నిక్, యూరపు యుద్ధభూములలో గాక స్వదేశపు ఆటస్థలములలో పోరాడినందులకు దైవమునకు కృతజ్ఞత తెలిపెను.

ఆటను వృత్తిగా స్వీకరించి ధనము గడించు అవకాశము వచ్చినను అతడు దానిని కాదని న్యాయశాస్త్రము చదువసాగెను. 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బరుపై దాడి జరుగుటకు మూడు దినములు ముందుగా, నౌకాదళపు వైమానిక శాఖలో చేరెను. 1943 జూన్ 2వ తేదీన లెక్సింగ్టన్ అను విమానవాహక నౌక నుండి శిక్షణార్థము ఎగిరిన అతని విమానములో నూనె కారి యంత్రము చెడిపోయెను. నౌక పైభాగమున ఇతర విమానములు బయలుదేరుటకు సిద్ధముగా నున్నవి. అతడు సముద్రముపైననే విమానమును దింపెను. రక్షించుటకు వెళ్ళిన పడవవారికి అతడు కనబడలేదు. అప్పటికి అతనికి ఇరువదినాలుగేండ్లు.

యుద్ధము ముగియు కాలమున, విశ్వవిద్యాలయ క్రీడాప్రాంగణమునకు కిన్నిక్ పేరు పెట్టవలెనని కొందరు తలచిరి. అతని తండ్రి అంగీకరింపలేదు. ఎందరో బిడ్డలు ప్రాణములు అర్పించిన యుద్ధములో తన బిడ్డ నొక్కనినే వేరుచేసి గౌరవించుట ఆయనకు సమ్మతము కాలేదు. పెక్కు సంవత్సరములు గడచిన పిదప, 1972లో గాని ఆ ప్రాంగణమునకు కిన్నిక్ పేరు రాలేదు.

ఆ తండ్రి వెనుకాడుటలో గొప్ప వివేకమున్నది. కొడుకును పోగొట్టుకొన్న దుఃఖములో సైతము ఆయన ఇతరుల కొడుకులను మరువలేదు. సన్మానము చేయువారందరును జ్ఞప్తియందుంచుకొనవలసిన నీతి యిది. ఒక్కరి మెడలో దండ వేయునపుడు, ఆ దండ వెనుకనున్న పదిమందిని మరువరాదు. వేదికపై నిలిచిన వ్యక్తి పేరు ఒక్కటే యైనను, ఆ పేరు కనబడని వారందరికిని ప్రతినిధి కావలెను.

అట్లయిన ఉత్తమమైన సన్మానమేది? శిలావిగ్రహము నిలుపవచ్చును, వీధికి పేరు పెట్టవచ్చును, సభ జరిపి శాలువ కప్పవచ్చును. ఇవి తప్పు కావు. కాని విగ్రహము ఎవ్వరికిని పరుగు నేర్పదు. భారతదేశమున ఇంతకంటె మేలైన పద్ధతి యొకటి 1960 నుండి ఉన్నది. 1954లో వాయుసేనకు అధిపతియైన తొలి భారతీయుడు సుబ్రతో ముఖర్జీ. ఆయన పేర వెలసినది పాఠశాల బాలబాలికల ఫుట్‌బాల్ పోటీ. ప్రతి యేట దేశములోని బడిపిల్లలు సుబ్రతో కప్పునకై ఆడుచుందురు. ఒక వైమానికుని పేరు పిల్లల కాళ్ళ సందడిలో బ్రతికియుండుట కన్న ఘనమైన స్మారకము వేరొకటి కలదా?

ఆటలు చదువునకు చేటు తెచ్చునని భయపడు తలిదండ్రులు నేటికిని ఉన్నారు. కొన్ని బడులలో పరీక్షలు దగ్గరపడగానే మొదట మాయమగునది ఆటల గంటయే. బాలికల విషయములో ఈ భయము రెట్టింపు. ఎదిగిన పిల్లకు ఆట లేమిటని ఇంటివారు సణుగుదురు. ఆడుకొను చోటే లేని బాలిక తన కాళ్ళ సత్తువ యెంతయో తెలియకయే పెద్దదగును. అట్టి బాలిక యెదుట భావనా కాంత్ చిత్రపటము పెట్టి చప్పట్లు కొట్టినంత మాత్రమున ప్రయోజనమేమి?

మరికొందరు, వైమానికులను సన్మానించుట యుద్ధమును పొగడుటయే గదా యని సందేహింతురు. ఆ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. యుద్ధము వేడుక కాదు. ఆటస్థలములో ఓడినవాడు మరునాడు మరల ఆడవచ్చును. యుద్ధములో అట్టి మరునాడు అందరికిని రాదు. ఆటస్థలమున ఉండుటయే భాగ్యమని తలచిన కిన్నిక్‌కు ఈ భేదము బాగుగా తెలియును. అందుచే గౌరవము చెందవలసినది యుద్ధమునకు కాదు. ఆపదను ఎరిగియు ఇతరుల రక్షణభారమును తలదాల్చిన బాధ్యతకు.

హైదరాబాదు నగరము నానాట ఉత్తరమునకు విస్తరించుచున్నది. శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములలో చేలున్న చోట్ల మేడలు లేచుచున్నవి. నేల విలువ పెరిగిన కొలది, ఖాళీగా నున్న చోటు ప్రతి యొక్కటియు వృథాగా నున్నట్లు పెద్దల కంటికి తోచును. కాని పిల్లలు ఆడుకొను నేల ఖాళీ నేల కాదు. అది కూడ ఒక పాఠశాలయే. ఊరికొక ఆటస్థలమును కాపాడుట, అందు బాలికలకు సమానముగ చోటిచ్చుట, ఆటల గంటను గణితపు గంట వలె నిత్యము జరుపుట, ఈ మూడును చేసిన గ్రామము ఏ సన్మానసభయు జరుపకున్నను వైమానికులను గౌరవించినట్లే.

అట్టి ఊరిలో, ఖోఖో వరుసలో కూర్చున్న బాలిక తలపైనుండి ఒకనాడు విమానము పోవును. ఆమె తల యెత్తి దానిని చూచును. అంతలో వెనుకనుండి తోటిపిల్ల వీపు తట్టి 'ఖో' యనును. ఆ పిలుపు విని లేచి పరుగెత్తుటకు ఆమె కాళ్ళ క్రింద నేల ఉండవలెను. ఆ నేలను నిలిపియుంచుట పెద్దల వంతు.