మందు కలిసిన నీటికి హద్దు గీయండి

గౌరవనీయులు కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రి శ్రీ భూపేందర్ యాదవ్ గారికి,



నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ లాబ్‌లో పనిచేసే వైద్యురాలిని. మందుల ఫ్యాక్టరీలు వదిలే నీటిలో యాంటీబయాటిక్ అవశేషాలు ఎంతవరకు ఉండొచ్చో చట్టంలో రాయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. 2020 జనవరిలో మీ శాఖే అలాంటి పరిమితులతో ముసాయిదా ప్రకటించింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో అవి కనిపించలేదు. వాటిని తిరిగి తీసుకురావాలన్నదే నా విన్నపం.

ఈ విషయం నాకెందుకు పట్టిందో చెబుతాను. రోగి రక్తమో, మూత్రమో, చీమో మా దగ్గరికి వస్తుంది. అందులో పెరిగిన బ్యాక్టీరియాను అగార్ ప్లేటు మీద పలచగా పరుస్తాం. ఒక్కో మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలను దానిమీద అమర్చి, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచుతాం. మందు పనిచేస్తే తెల్లారేసరికి ఆ బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలిచి రిపోర్టు రాస్తాం. ఇప్పుడు చాలా ప్లేట్ల మీద ఆ ఖాళీ ఉండటం లేదు. బిళ్లల అంచుదాకా బ్యాక్టీరియా దట్టంగా అలుముకుని ఉంటోంది. సిప్రోఫ్లాక్సాసిన్, సెఫ్‌ట్రయాక్సోన్, మెరోపెనెమ్ అన్నిటి పక్కనా ‘రెసిస్టెంట్’ అని రాయాల్సి వస్తోంది. అప్పుడు డాక్టరుకు మిగిలేది కొలిస్టిన్ లాంటి మందు. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు వైద్యులు పక్కన పెట్టేసిన మందు అది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుకైనా, కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయిన క్యాన్సర్ రోగికైనా దాన్నే ఎక్కించాలి. కీమో పనిచేసి గడ్డ కరుగుతున్న మనిషి ఇన్ఫెక్షన్‌తో పోతే ఆ ఇంటివాళ్లకు ఏమని చెప్పగలం?

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా 12.7 లక్షల మంది ప్రాణాలు తీసిందని, దాదాపు 49.5 లక్షల మరణాలతో దానికి సంబంధం ఉందని లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించిన అంచనా చెబుతోంది. ఇందుకు కారణాలు అనేకం. జలుబుకు కూడా యాంటీబయాటిక్ రాసే డాక్టర్లున్నారు, చీటీ అడగకుండా అమ్మే దుకాణాలున్నాయి, కోళ్ల ఫారాల వాడకం ఉంది, శుద్ధి కాని నగరాల మురుగు ఉంది. వాటిలో వైద్యులమైన మా బాధ్యత పెద్దది. దాన్ని ఎవరిమీదికీ నెట్టను. అయితే మీ శాఖ చేతుల్లోనే ఉన్న కారణం కూడా ఒకటుంది. అది మా హైదరాబాద్ పక్కనే బయటపడింది.

పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్షన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. 500 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఆ మందు గరిష్ఠ స్థాయి సాధారణంగా లీటరుకు రెండున్నర మిల్లీగ్రాములు కూడా దాటదు. అంటే శుద్ధి చేశామన్న నీటిలో, రోగి ఒంట్లోకంటే పది రెట్లకు పైగా మందు ఉందన్నమాట. 2009లో అదే బృందం అక్కడి చెరువుల్లోనూ, పల్లెల బావుల్లోనూ మందుల ఆనవాళ్లు చూపింది. 2014లో ఆ ప్రాంతంలోని కాజీపల్లి చెరువును ఒక స్వీడన్ చెరువుతో పోల్చి చూస్తే, మందులను తట్టుకునే జన్యువులు ఇక్కడ సుమారు 7,000 రెట్లు ఎక్కువగా కనిపించాయి. 2016లో జర్మన్ శాస్త్రవేత్తలు హైదరాబాద్, దాని చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు తీసుకెళ్లి పరీక్షిస్తే, 95 శాతానికి పైగా నమూనాల్లో మొండి బ్యాక్టీరియా దొరికింది.

ఇది ఎలా జరుగుతుందో మీ అధికారులకు తెలియంది కాదు. శుద్ధి ట్యాంకుల్లో వ్యర్థాన్ని తినేది బ్యాక్టీరియాయే. దానికి బలం చాలక పటాన్‌చెరులో మనుషుల మురుగునూ అందులో కలిపేవారు. మన పేగుల్లోని బ్యాక్టీరియా, యాంటీబయాటిక్ ఒకే తొట్టిలో చేరాయి. మందుకు లొంగేవి చచ్చాయి, తట్టుకున్నవి పెరిగాయి. తట్టుకునే గుణమున్న జన్యువును పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించాయి. ఆ కేంద్రంలో సేకరించిన బ్యాక్టీరియాను లార్షన్ బృందం పుణె శాస్త్రవేత్తలతో కలిసి 39 మందులతో పరీక్షించగా, 86 శాతం రకాలు 20 లేదా అంతకు మించిన మందులను తట్టుకున్నాయని 2013లో తేలింది.

ఇన్ని రుజువులున్నా కాలుష్య నియంత్రణ మండలి ఇన్‌స్పెక్టర్ ఏమీ చేయలేరు. ఆయన సీసాలో పట్టుకెళ్లిన నీటికి పీహెచ్, సీఓడీ, బీఓడీ, టీడీఎస్ లాంటి కొలతలు చూస్తారు. ఇవేవీ యాంటీబయాటిక్‌ను పసిగట్టవు. ఆ అంకెలన్నీ సరిగ్గా ఉన్న నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ ఎంతున్నా కాగితం మీద అది మంచి నీరే. పరిమితే లేనప్పుడు ఉల్లంఘన ఎక్కడిది? కేసు ఎలా నిలుస్తుంది? పటాన్‌చెరు వైద్యుడు అల్లాని కిషన్‌రావు లాంటివారు పరిశ్రమల కాలుష్యంపై దశాబ్దాల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

పరిమితులు పెడితే ఖర్చు పెరుగుతుంది, చైనాతో పోటీపడలేం అని పరిశ్రమ అంటుంది. ఆ ఆందోళనను నేను కొట్టిపారేయను. ఈ పరిశ్రమతో మన అనుబంధం పాతది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడిన లెడర్లీ పరిశోధనశాలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ వేసిన పునాది మీద హైదరాబాద్ బల్క్‌డ్రగ్ రాజధాని అయింది. మా ఊళ్లలో వేల కుటుంబాలు ఆ పరిశ్రమ మీదే బతుకుతున్నాయి. దాని పేరు నిలబడాలంటేనే ఈ నిబంధన కావాలి. పెద్ద కంపెనీలు కొన్ని 2022లో తమంతట తామే ఒక తయారీ ప్రమాణం రూపొందించుకున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబర్‌లో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై తొలి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక్కసారిగా కాకుండా మెట్టుమెట్టుగా అమలుచేసే వీలు వాటిలో ఉంది. పరిమితి ఎంత ఉండాలో లెక్క తేలలేదని 2021లో వాయిదా వేసి ఉంటే, ఇప్పుడా లెక్క చేతికొచ్చింది.

తొందరపడటానికి ఇంకో కారణం ఉంది. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో సముద్రం ఒడ్డున బల్క్‌డ్రగ్ పార్కు వస్తోంది. రాజయ్యపేట మత్స్యకారులు దాన్ని వద్దంటూ రోడ్డెక్కారు. పటాన్‌చెరు కథ తెలిసినవాళ్లెవరూ వారి భయాన్ని అర్థంలేనిదనలేరు. ఫ్యాక్టరీలు కట్టాక నిబంధన తెచ్చి గోడలు పగలగొట్టించే కన్నా, పునాదుల దశలోనే శుద్ధి ఏర్పాట్లు చేయించడం తేలిక, చవక కూడా.

అందువల్ల మిమ్మల్ని కోరేది ఇదీ:

1. 2020 ముసాయిదాలోని యాంటీబయాటిక్ పరిమితులను ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల వెలుగులో సవరించి, అమలు గడువుతో సహా నోటిఫై చేయండి.

2. ఉమ్మడి శుద్ధి కేంద్రంలో కలిసిపోయాక కాకుండా, ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరే నమూనా తీసి పరీక్షించే ఏర్పాటు చేయండి. అందుకు కావలసిన యంత్రాలు, మనుషులను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్లకు ఇవ్వండి.

3. ఫలితాలను కంపెనీ పేరుతో, తేదీతో ప్రజల ముందు పెట్టండి. ఆ నీటి పక్కన బతికేవారికి అందులో ఏముందో తెలుసుకునే హక్కు ఉంది.

4. శుద్ధి చిన్న యూనిట్ల తలకు మించిన భారం అయితే అప్పో, సబ్సిడీయో ఇవ్వండి. మినహాయింపు మాత్రం ఇవ్వకండి.

కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టి రోగి దాకా చేర్చడానికి పదేళ్లకు పైగా పడుతుంది. ఉన్నవాటిని కాపాడుకోవడంలో మీ శాఖ వంతుకు ఒక నోటిఫికేషన్ చాలు. దాని ముసాయిదా మీ శాఖలోనే ఉంది. మీ జవాబును గెజిట్‌లో చూడాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
ఒక మైక్రోబయాలజిస్టు,
హైదరాబాద్