మెగాపిక్సెళ్ళ మోజు

మన ఇళ్ళల్లో కెమెరా కొనడమంటే పెళ్ళికొడుకుని వెతకడమంత తతంగం. ప్రశ్న కూడా ఆ తరహాదే. అక్కడ ''జీతమెంత?'' అంటారు, ఇక్కడ ''మెగాపిక్సెళ్ళెన్ని?'' అంటారు. 50 అంటే మొహాలు విచ్చుకుంటాయి, 12 అంటే ముడుచుకుంటాయి. గుణమెలాంటిదని అడిగే నాథుడు లేడు!

దగ్గరి ఫొటోలు తీసే కెమెరాకి ఉండవలసిన మొదటి గుణం, వస్తువుకి ఎంత చేరువగా వెళ్ళి స్పష్టంగా చూడగలదన్నది. ఒలింపస్ వారు 2019లో తెచ్చిన టఫ్ టీజీ-6కి ఉన్నవి 12 మెగాపిక్సెళ్ళే. అయినా 1 సెంటీమీటరు దూరం నుంచి చూడగలదు. అంకె పెద్దదైనంత మాత్రాన చూపు పెద్దది కాదు.

ఈ చాదస్తం ఆడవాళ్ళకెందుకంటారా? మనకే కావాలి! ధర్మవరం పట్టుచీరని ఇప్పుడు ఫోనులో చూసి కొంటున్నాం. దూరం నుంచి తీసిన ఫొటోలో చేమగ్గం చీరా, మరమగ్గం చీరా ఒక్కలాగే తళతళలాడతాయి. 1985 నాటి చట్టం కొన్ని రకాల చీరల్ని చేనేతకే కేటాయించింది. కానీ ఆ తళుకు మాటున నష్టపోయేది రోజుల తరబడి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. దగ్గరగా తీస్తే చేతినేతలోని చిన్న చిన్న హెచ్చుతగ్గులు కనిపిస్తాయి. కొంగు చివర జరీపోగు విప్పి తీస్తే లోపలి ఎర్ర పట్టుదారం, దాని మీద చుట్టిన తీగ బయటపడతాయి. ఫొటో ఒక్కటే సాక్ష్యం కాదు. సిల్క్ మార్కు, చేనేత గుర్తు కూడా చూడాల్సిందే.

తీయడం బ్రహ్మవిద్యేం కాదు. ఫ్లాష్ ఆపండి, జరీ మీద పడి కళ్ళు చెదరగొడుతుంది. చీరని కిటికీ పక్కన పరిస్తే ఏటవాలు వెలుతురులో పోగు పోగూ లేచి కనబడుతుంది. చిన్న కెమెరాల్లో పువ్వు గుర్తు నొక్కండి. జూమ్ చేయకండి, చేస్తే చాలా కెమెరాలు దూరం జరగమంటాయి. కెమెరాని బట్టకి సమాంతరంగా పట్టకపోతే ఒక పక్క స్పష్టంగా, ఒక పక్క మసకగా వస్తుంది. చెయ్యి వణికితే నాలుగు పుస్తకాల మీద ఆనించి, 2 సెకన్ల టైమరు పెట్టండి.

చీరదాకా ఎందుకు? హిందూపురం మీదుగా లేపాక్షి వెళ్ళేవాళ్ళు లతామండపం స్తంభాలకి వీపు ఆనించి తమ మొహాలే తీసుకుంటారు. వెనకున్న ఆ 16వ శతాబ్దపు లతలే మన చీరల అంచుల్లోకి దిగివచ్చాయన్న ధ్యాసే ఉండదు! పెనుకొండ గగన్ మహల్లో గచ్చుపనికీ అదే గతి.

చీర మడత విప్పి, వెనక్కి తిప్పి, అంచు నలిపి చూస్తేగాని బేరమాడని అమ్మమ్మల మనవరాళ్ళం మనం. కాబట్టి అమ్మేవాళ్ళని మొహమాటం లేకుండా అడుగుదాం: ''తళుకులు చాలు నాయనా, వెనకవైపు కాస్త దగ్గరగా చూపించు!''