ప్రతిభకు కొలబద్ద ఏది?

ఫుట్‌బాల్ అన్న మాట చెవిని పడగానే హైదరాబాదు వాసులకు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు స్ఫురించుట సహజం. ఉపాధ్యాయ వృత్తి నుండి వచ్చిన ఆ మహనీయుని శిక్షణలోనే భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానాన్ని, 1962లో జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణ పతకాన్ని పొందినది. అయితే ఇక్కడ నేను ప్రస్తావించదలచినది ఆ ఆటను గురించి కాదు. అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలువబడే ఆట వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టి పరుగెత్తుతూ, విసురుతూ, ఎదురు జట్టు వారిని త్రోసుకొని ముందుకు సాగే ఆట అది. ఆ ఆటకంటె, దానికి కళాశాల విద్యార్థులను ఎన్నుకొనే పద్ధతి మనం ఆలోచించదగినది. ఒక యువకుని ప్రతిభను ఇతరులు ఎట్లు నిర్ణయించాలి అన్న ప్రశ్న మైదానానికి మాత్రమే పరిమితమైనది కాదు గదా!

అక్కడ వృత్తి జట్లు కళాశాలల నుండి ఆటగాండ్రను ఏటా ఒక వరుస ప్రకారం ఎన్నుకొంటాయి. దీనిని డ్రాఫ్ట్ అంటారు. 1936లో ప్రారంభమైన ఈ పద్ధతిలో, గడచిన ఏడు అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి ఎంపిక హక్కు లభిస్తుంది. విజేతకు చివరి వంతు. బలహీనునికి ముందు వడ్డించాలన్న ఈ నియమంలో కొంత ధర్మం ఉన్నదని ఒప్పుకొనక తప్పదు. నేడు 32 జట్లు ఏడు విడతలలో ఎంపిక జరుపుతున్నవి.

ఎంపికకు ముందు పరీక్ష ఉంటుంది. 1987 నుండి ఇండియానాపొలిస్ నగరంలో ఏటా మూడు వందలకు పైగా విద్యార్థులను పిలిచి కొలుస్తారు. ఎత్తు, బరువు, అరచేయి వెడల్పు కొలుస్తారు. నలభై గజాల దూరాన్ని ఎన్ని సెకండ్లలో పరుగెత్తుతాడో చూస్తారు. 225 పౌండ్ల, అనగా సుమారు 102 కిలోల బరువును ఎన్నిసార్లు ఎత్తగలడో లెక్కిస్తారు. సెకండులో పదవ వంతు తేడాకు ఒక యువకుని భవిష్యత్తు తారుమారు కావచ్చు.

ఇంత శ్రమపడి కొలిచిన కొలతలు ఎంతవరకు నిజమైనవి? 2000 సంవత్సరంలో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన టామ్ బ్రేడీ ఆ నలభై గజాలకు 5.28 సెకండ్లు తీసుకొన్నాడు. 198 మందిని ఎన్నుకొన్న తరువాతనే అతని పేరు పిలిచినారు. అతడే అనంతరం ఏడు పర్యాయాలు సూపర్ బౌల్ విజేత అయినాడు. 2007లో అందరికంటె ముందు ఎంపికైన జమార్కస్ రసెల్ మూడు సీజన్లతోనే రంగం నుండి నిష్క్రమించినాడు. 2022లో చిట్టచివర, 262వ వాడుగా ఎంపికైన బ్రాక్ పర్డీ రెండేండ్లు తిరగకముందే, 2024 ఫిబ్రవరిలో, తన జట్టును సూపర్ బౌల్ వరకు నడిపించినాడు. చివరి వానిని ‘లెక్కలోనికి రానివాడు’ అని పరిహాసంగా పిలుచుట అక్కడి ఆనవాయితీ!

దీనిని చూచి, కొలతలన్నీ వ్యర్థమని, గడియారాన్ని పారవేయమని అనువారు కలరు. నేను వారితో ఏకీభవించను. గడియారానికి కులమతాలు తెలియవు. సిఫారసు ఉత్తరం చదువుట చేతకాదు. పలుకుబడి లేని వానికి అంకె ఒక్కటే అండ. కొలబద్దను తీసివేసిన చోట మిగిలేది నిష్పాక్షికత కాదు, ముఖస్తుతి. దోషం గడియారంలో లేదు. దానిని పట్టుకొన్నవాడు ఎక్కడికి పోయినాడు, ఎంతసేపు నిలిచినాడు అన్నదానిలో ఉన్నది. ఇందుకు నిదర్శనంగా ఒక చరిత్రను మనవి చేస్తాను.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వర్ణవివక్ష కారణంగా పెద్ద విశ్వవిద్యాలయాల తలుపులు నల్లజాతి విద్యార్థులకు చాలాకాలం మూసివేయబడి ఉండెను. వారు తమ కొరకు ఏర్పడిన కళాశాలలలోనే చదివినారు, ఆడినారు. అక్కడి మైదానాలకు వృత్తి జట్ల పరిశీలకులు పోయేవారు కారు. 1949లో గ్రాంబ్లింగ్ కళాశాల నుండి టాంక్ యంగర్ లాస్ ఏంజిలిస్ జట్టులో చేరేవరకు, ఆ కళాశాలల నుండి ఒక్క ఆటగాడు కూడా ఆ లీగులో అడుగు పెట్టలేదు. ప్రతిభ లేక కాదు, చూచేవారు లేక!

చూచినవాడు ఒకడున్నాడు. నల్లజాతివారి వారపత్రిక ‘పిట్స్‌బర్గ్ కొరియర్’లో క్రీడా విలేఖరి అయిన బిల్ నన్ ఏటేటా ఆ కళాశాలలన్నీ తిరిగి, మేటి ఆటగాండ్ర జాబితాను పత్రికలో ప్రకటించేవాడు. ఆ ఊరి స్టీలర్స్ జట్టు వారు ఈ జాబితా విలువను గుర్తించి, 1960ల చివరి భాగంలో ఆయననే పరిశీలకునిగా నియమించుకొన్నారు.

1974 డ్రాఫ్ట్‌కు ముందు అలబామా ఏ అండ్ ఎం కళాశాలలో జాన్ స్టాల్‌వర్త్ అనే విద్యార్థిని పరీక్షించుటకు పలు జట్ల పరిశీలకులు పోయినారు. ఆనాడు నేల తడిసి ఉన్నది. స్టాల్‌వర్త్ పరుగు వేగం సామాన్యంగా నమోదైనది. అందరూ ఆ అంకెను వ్రాసుకొని తిరుగు ప్రయాణమైనారు. నన్ మాత్రం ఒంట్లో బాగులేదన్న నెపంతో వెనుక ఆగిపోయి, అనువైన నేల మీద అతనిని మరల పరుగెత్తించినాడు. ఈసారి అంకె మారినది. నాల్గవ విడతలో, 82వ వాడుగా, స్టీలర్స్ వారు అతనిని ఎన్నుకొన్నారు. ఆ ఒక్క ఏడాది వారు ఎన్నుకొన్న వారిలో స్టాల్‌వర్త్‌తో సహా నలుగురు తదనంతర కాలంలో ఆ క్రీడాకీర్తి మందిరంలో స్థానం పొందినారు. ఆ జట్టు ఆరు సీజన్లలో నాలుగుసార్లు విజేత అయినది. 2021లో నన్‌కు, మరణానంతరం, అదే మందిరంలో చోటు లభించినది.

గమనించండి: నన్ గడియారాన్ని పారవేయలేదు. నేల ఆరేదాకా ఆగినాడు. అంతే.

అయితే ఒక మహనీయుడు చేసిన పని తనంతట తాను నిలిచి ఉండదు. 2021 డ్రాఫ్ట్‌లో ఆ నల్లజాతి కళాశాలల నుండి ఒక్కరిని కూడా ఎన్నుకొనలేదు. మరుసటి ఏడు నలుగురికి అవకాశం దక్కినది. చూచే అలవాటు తప్పితే, త్రోవలో గడ్డి మొలచుటకు ఎంతోకాలం పట్టదు.

ఈ వృత్తాంతం మనకెందుకని కొందరు అడుగవచ్చు. మనదీ ఒక అల్పసంఖ్యాక వర్గపు కళాశాలయే. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చి, ఇంటర్వ్యూలో ఆంగ్లం వినగానే మాట తడబడే విద్యార్థి తడినేల మీద పరుగెత్తుతున్న వాడే. ఉదయం దుకాణంలో పనిచేసి, అలసిన కాళ్ళతో సెలెక్షన్సుకు వచ్చే బాలుడూ అట్టివాడే. వానికి దయతో అదనపు మార్కులు వేయమని నేను కోరుట లేదు. అది వానికి అవమానం. రెండవ రోజున మరొక్కసారి చూడమని మాత్రమే నా విన్నపం. కళాశాల కమిటీ పెద్దలు జట్ల ఎంపికను ఒక్క ఉదయంతో ముగించక, కనీసం రెండు దినాలు, ఇద్దరు వేర్వేరు అధ్యాపకుల సమక్షంలో జరిపించాలని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇందుకు నిధులు అవసరం లేదు, ఓపిక చాలును.

విద్యార్థి సోదరీ సోదరులకు కూడ ఒక్క మాట. బిల్ నన్ జాబితా మొదట వెలువడినది ఏ గొప్ప సంస్థ దస్తావేజులలోనో కాదు, తన వారి పత్రికలో. చూడవలసినవారు చూడని సంవత్సరాలలో కూడ ఆ పేర్లు అచ్చులో నిలిచి ఉన్నవి. తలుపు తెరచుకొన్ననాడు చేతికి అందినవి. మన వార్షిక సంచికలో విజేతల ఛాయాచిత్రాలతో సరిపెట్టక, ప్రతి పోటీలో ఎవరు ఆడినారు, ఎన్ని గోల్సు చేసినారు, ఎన్ని పరుగులు తీసినారు అన్న వివరాలను ఉర్దూలోను, తెలుగులోను పేరుపేరున ముద్రించుకొందాం. మనలను చూచుటకు ఎవరైనా వచ్చేనాటికి, చూపుటకు మన చేతిలో ఒక కాగితమైనా ఉండాలి.