ఫోన్‌కి డ్రాప్ టెస్ట్ చూస్తాం, మరి హెల్మెట్‌కి?

మాది నెల్లూరు. ఆదివారం సాయంత్రం మైపాడు బీచ్ రోడ్డులో చూడండి. జేబులో ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్, బ్యాక్ కేస్ అన్నీ ఉంటాయి. హెల్మెట్ మాత్రం మోచేతికి వేలాడుతుంటుంది.

నేను పెట్టుకునేవాడినే, కానీ స్ట్రాప్ బిగించేవాడిని కాదు. ఓసారి అదే రోడ్డులో ఇసుక మీద బండి జారింది. నేనొక పక్క, హెల్మెట్ ఒక పక్క. కనుబొమ్మ పైన ఐదు కుట్లతో బయటపడ్డా.

హెల్మెట్‌లో అసలు పని చేసేది పైనున్న షెల్ ఒక్కటే కాదు, లోపల థర్మోకోల్‌లా ఉండే ఈపీఎస్ పొర. అది నలిగి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది. ఒకసారి నలిగితే మళ్లీ మామూలు స్థితికి రాదు. అందుకే గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయాల్సిందే.

పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, ప్రమాదంలో హెల్మెట్ వల్ల చావు ముప్పు సుమారు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతుంది. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బైక్ ప్రమాదానికి గురైన హీరో సాయి ధరమ్ తేజ్ కూడా హెల్మెట్ వల్లే బతికానని చెప్పారు.

నా అభిప్రాయం ఒక్కటే: బ్లూటూత్, స్టిక్కర్లు తర్వాత. ముందు ఐఎస్ఐ మార్క్ (2021 జూన్ 1 నుంచి తప్పనిసరి), తలకి సరిపోయే సైజు చూడండి. స్ట్రాప్ 'టక్' అన్నాకే బండి స్టార్ట్ చేయండి. ఫోన్ పగిలితే డిస్‌ప్లే మార్చుకోవచ్చు, తలకి స్పేర్ పార్ట్ లేదు బాస్!