ఆ గడప తొక్కని బిల్లు
బాసరలో చాయ్ బండి దగ్గర కమిటీ మాటెత్తితే నవ్వేస్తారు. నవ్వరా మరి? తెలంగాణ ఇమ్మంటే 2005లో ప్రణబ్ ముఖర్జీ కమిటీ అన్నారు, 2010లో శ్రీకృష్ణ కమిటీ అన్నారు. రెండోది ఆరు దారులు చూపించి చేతులు దులుపుకుంది. కానీ అవేవీ పార్లమెంటు కమిటీలు కావు. పార్లమెంటులో 1993 నుంచి నడుస్తున్న శాఖలవారీ స్థాయీ సంఘాల తీరే వేరు. ఒక్కోదానిలో లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది. కెమెరాలుండవు, పార్టీ విప్ ఉండదు. శాఖ అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి బిల్లును క్లాజు క్లాజుగా విప్పిస్తారు. సభలో గొంతు చించుకునే ఎంపీ కూడా అక్కడ కాగితం చదవక తప్పదు. వాళ్ల సిఫార్సులకు ప్రభుత్వం కట్టుబడాలని లేదు, నిజమే. తెలంగాణ ఇచ్చిన మన పునర్విభజన బిల్లు మాత్రం ఆ గడప తొక్కలేదు. 2014 ఫిబ్రవరి 13న మిరియాల స్ప్రే ఘాటులో లోక్‌సభ ముందుకొచ్చింది, 18న టీవీ ప్రసారం ఆగిపోయిన సభలో గట్టెక్కింది. అప్పుడు సంఘానికి పంపుదామంటే ఉత్తర తెలంగాణ భగ్గుమనేది, అది వేరే సంగతి. అయినా పదమూడో షెడ్యూలు తెరిచి చూడండి: ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం కడతామని లేదు, ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలిస్తారని ఉంది. రైలు కోచ్ ఫ్యాక్టరీకీ అదే రాత. పరిశీలించి కుదరదంటే ఏం చేస్తారని కమిటీలో ఎవరో ఒకరు మొదటి పూటే నిలదీసేవారు. ఆ తర్వాతైనా తీరు మారిందా? పదిహేడో లోక్‌సభలో కమిటీలకు వెళ్లిన బిల్లులు దాదాపు 16 శాతమే. అప్పటి తొందర మనది, సరే, ఇప్పటిది ఎవరిది?