అమృతహస్తాలకు ఓ దణ్ణం

తైవాన్ రాజధాని తైపేలో 101 అంతస్తుల మేడ ఒకటుంది. దాని అడుగున, నేలమాళిగలో, దిన్ తై ఫుంగ్ అనే హోటలు. అక్కడ ఓ పూట భోజనం చేసి వచ్చాక, మనవాళ్ళు తరతరాలుగా ఆడదాని చేతికి తగిలిస్తూ వస్తున్న 'అమృతహస్తం' అనే బిరుదు మీద నాకున్న అనుమానం కాస్తా కోపంగా మారింది. హోటలుకీ ఆ బిరుదుకీ ఏమిటి సంబంధం అంటారా? చెబుతాను. ముందు తిండి సంగతి చెప్పనివ్వండి.

నన్నక్కడికి లాక్కెళ్ళింది మా అక్క కూతురు. షిన్‌చూలో పరిశోధన చేస్తోంది. "తిరుపతి వెళ్ళి లడ్డూ తినకుండా వస్తామా పిన్నీ? ఇదీ అంతే" అంది. గుమ్మం ముందు లడ్డూ కౌంటరుకి తీసిపోని జనం. ఒక నంబరు చీటీ చేతిలో పెట్టారు. మన నంబరు వచ్చేదాకా నిలబడాలి. చిత్రమేమిటంటే ఎవరూ విసుక్కోవడంలేదు. అందరి చూపూ ఒక అద్దం మీదే.

ఆ అద్దం వెనక వంటిల్లు. తెల్లబట్టలు, తెల్లటోపీలు, మూతులకి గుడ్డలు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే బల్ల చుట్టూ నిలబడి పని చేస్తున్నారు. ఒకరు పిండిని పొడుగ్గా సాగదీసి, ముక్కలు గిల్లి తూస్తారు. ఇంకొకరు బుల్లి అప్పడాలకర్రతో వత్తుతారు. అంచు పల్చగా, నడుమ కాస్త మందంగా. వేరొకరు మధ్యలో ముద్ద పెట్టి, అంచు చుట్టూ వేళ్ళతో కుచ్చిళ్ళు పోస్తారు. పై పొర 5 గ్రాములు, లోపలి ముద్ద 16 గ్రాములు, మొత్తం 21. కుచ్చిళ్ళు 18. ఇదంతా ఆ హోటలు వాళ్ళు దాచుకున్న రహస్యం కాదు, గొప్పగా చాటుకునే లెక్క.

ఆ కుడుముల్ని షావ్ లాంగ్ బావ్ అంటారు. వెదురు బుట్టల్లో పెట్టి ఆవిరి మీద వుడికించి, బుట్టతో సహా బల్ల మీదికి తెస్తారు. సన్నగా తరిగిన అల్లం ముక్కల మీద సోయా రసమూ, దానికి మూడింతలు వెనిగరూ పోసుకుని, కుడుముని అందులో అద్ది చెంచాలో పెట్టుకోవాలి. పొరకి చిన్న చిల్లు పొడిస్తే లోపలినుంచి వేడి వేడి చారు బయటికి వస్తుంది! ముందు ఆ చారు జుర్రుకుని, తర్వాత కుడుము. పొర చిట్లకుండా లోపలికి చారెలా వెళ్ళిందని బుర్ర బద్దలుకొట్టుకుంటే, "వెళ్ళింది చారు కాదు పిన్నీ, చారు గడ్డ" అంది మా పిల్ల. పంది చర్మమూ ఎముకలూ కాచిన రసం చల్లారితే జున్నులా గడ్డకడుతుందట. దాన్ని మాంసంలో కలిపి పొర మూసేస్తారు. ఆవిరికి అది కరుగుతుంది. అంతే!

నాకు పంది మాంసం సయించదు కనక పుట్టగొడుగులూ ఆకుకూరా కూరినవి తిన్నాను. వాటిలో చారుండదుగాని, రుచికి వంక పెట్టలేను. ఆఖర్న ఎర్ర గింజలేవో వుడికించి, తీపి కలిపి, మెత్తగా నూరి లోపల పెట్టినవి వచ్చాయి. అలసందల్లాంటి గింజలే. కళ్ళు మూసుకు తింటే మన పూర్ణమే!

ఆ పూర్ణం నాలిక మీద పడగానే మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కజ్జికాయ అంచుకి వేసే మడత జడ అల్లినట్టుండేది. అచ్చులు వాడేది కాదు. సంక్రాంతికి డబ్బాలకి డబ్బాలు, పొయ్యి ముందు కూర్చుంటే నడుం ఎత్తేది పొద్దువాలాకే. అంచు విడిపోయి నూనెలో పూర్ణం పాలయిన కజ్జికాయ ఒక్కటి నేను చూడలేదు. ఆవిడ వేసే మడతలు ఎన్ని? ఎవరూ లెక్కపెట్టలేదు. "మా అక్కయ్యది అమృతహస్తం" అనేశారు. అక్కడితో ఆ మడతల లెక్క చెల్లిపోయింది.

నా కోపమల్లా ఇక్కడే. నేర్చుకుని, చేతులు కాల్చుకుని, ఏళ్ళ తరబడి సాధన చేసి సంపాదించిన పనితనాన్ని పుట్టుకతో వచ్చిన మహిమ అన్నామనుకోండి, ఎన్ని సదుపాయాలో చూడండి. మహిమకి జీతం యివ్వక్కర్లేదు. మహిమకి నడుం నొప్పి పుట్టదు. అన్నిటికన్నా ముఖ్యం, మహిమని యింకొకరు నేర్చుకోలేరు. "మాకా చెయ్యి ఎక్కడిదండీ" అని మగమహారాజులు నిశ్చింతగా పేపరు తిరగేసుకోవచ్చు.

అద్దం వెనక కుర్రాడు ఆ మాట అనలేదే! ఇరవై ఏళ్ళుంటాయేమో. తల వంచుకుని కుచ్చిళ్ళు పోసుకుపోతున్నాడు. వాడికి అమ్మ చేతి మహిమ వారసత్వంగా వచ్చిందని ఎవరూ అనడంలేదు. నేర్పారు, నేర్చుకున్నాడు, నెల తిరిగేసరికి జీతం పుచ్చుకుంటాడు.

ఫొటోలు చూపిస్తే మా మరిది పెదవి విరిచాడు. "ఎన్ని గ్రాములు తూచినా అమ్మ చేతి వంటలో వుండే ప్రేమ వస్తుందా వదినా?" అన్నాడు. ప్రేమ లేదని ఎవరన్నారు నాయనా! మీ అమ్మగారు గారెలు వండింది ప్రేమతోనే. కాని గారె మధ్య చిల్లు పడింది ప్రేమవల్ల కాదు, పిండి రుబ్బడం తెలియడంవల్ల. ప్రేమ వున్న కొత్తకోడళ్ళ గారెలు రాళ్ళలా రాలేదూ? ఆ రోజున మనం "పోనీలే, ప్రేమతో చేసింది" అన్నామా? "మీ పుట్టింట్లో నేర్పలేదా" అన్నాం. చూశారా! బాగుంటే మహిమ, చెడితే చేతకానితనం. మధ్యలో వుండాల్సిన 'పని' అనే మాట మాత్రం ఎవరి నోటా రాదు.

మన పత్రికల్లో వంటల శీర్షికలు చూడండి. ఉప్పు తగినంత. కారం తగినంత. నీళ్ళు సరిపడా. ఎవరికి తగినంత? తెలిసినవాళ్ళకి ఆ మాట అక్కర్లేదు, తెలియనివాళ్ళకి ఆ మాట వుపయోగపడదు! ఆ 'తగినంత' తప్పినప్పుడు తిట్లు తినేది మాత్రం పొయ్యి దగ్గరున్న మనిషే.

ఆ హోటలు కథలోనూ ఒక సంగతుంది. యాంగ్ బింగ్‌యీ అనే ఆయన చైనాలో షాన్షీ నుంచి వచ్చి, నూనె కొట్లో పనికి కుదిరి, అక్కడే పరిచయమైన లై పెన్‌మే అనే ఆవిణ్ణి పెళ్ళాడి, 1958లో సొంతంగా నూనె కొట్టు పెట్టాడు. డబ్బాల నూనె వచ్చి బేరం పడిపోతే 1972లో సగం కొట్టులో ఈ కుడుములు మొదలుపెట్టారు. 1993లో న్యూయార్క్ టైమ్స్ మెచ్చుకుంది. 1996లో టోక్యోలో శాఖ. 2010లో హాంకాంగ్ శాఖకి మిషెలిన్ నక్షత్రం. 2023లో ఆయన పోతే ప్రపంచంలోని పత్రికలన్నీ రాశాయి. కొట్టు పెట్టింది ఇద్దరూ. పేరు చెప్పమంటే ముందొచ్చేది ఆయనదే. గ్రాముల లెక్క తెలిసిన చోట కూడా ఈ లెక్క తేలలేదు చూశారా!

అయినా వాళ్ళు అద్దమైనా పెట్టారు. మన ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద పిండినీళ్ళు తడిపిన గుడ్డ వేసి లాగి, ఉల్లిపొరకన్నా పల్చని రేకు తీసే ఆడవాళ్ళున్నారు. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. రేకు నోట్లో కరిగినప్పుడు "ఆహా, ఏం మాయ!" అంటాం. మాయ కాదండీ. పొయ్యి సెగకి ఎదురుగా కూర్చుని, గుడ్డ ఎంత తడపాలో, ఎంత వేగంగా లాగాలో తెలిసిన చెయ్యి. ఆ తెలియడానికి ఎన్నాళ్ళు పట్టిందో అడిగినవాళ్ళెందరు?

"ఇంట్లో కూడా త్రాసు పెట్టుకు వండమంటావా, హోటలేమిటి ఇల్లు?" అని మీలోనే కొందరు అడుగుతారు. పెట్టుకోండి, నష్టమేముంది? రోజూ అక్కర్లేదు, ఒక్కసారి చాలు. మీ చేతికొలత గుప్పెడు ఎన్ని గ్రాములో తూచి కాయితం మీద రాయండి. ఆ కాయితం వంటింటి తలుపుకి అంటించండి. రేపు మీకు జ్వరం వస్తే "ఎంత వెయ్యాలో నాకు తెలీదే" అనే అవకాశం ఎవరికీ వుండదు.

ఈ సంక్రాంతికి కజ్జికాయలు చేసేటప్పుడు మా మరిదిని పీట వేసి కూర్చోబెడుతున్నాను. కుచ్చిళ్ళు 18 అక్కర్లేదు, పన్నెండు పోస్తే చాలన్నాను. నూనెలో విడిపోయినవన్నీ అతనే తినాలి.