ఎవరిలో మొదటివాడు?

డల్లాసు పరిసరాలలో ప్లేనో, ఫ్రిస్కో వంటి ఊళ్ళలో స్థిరపడిన మన తెలుగువారి నోట ఒక ఫిర్యాదు తఱచుగా వింటున్నాను. "మావాడికి దాదాపు అన్నిటా ఏ గ్రేడులే మాస్టారూ! అయినా ఆస్టిన్ విశ్వవిద్యాలయంలో సీటు రాలేదు. ఎక్కడో పడమటి టెక్సాసు పల్లెలో, వీడికన్న తక్కువ గ్రేడులున్న పిల్లకు వచ్చింది. ఇదేమి న్యాయం?" అని. ఆ తండ్రుల బాధను తేలిక చేయను. అయితే ఆ పల్లె పిల్ల పక్షాన మాట్లాడేవాడు కూడా ఒకడుండాలి గదా!

1996లో హాప్‌వుడ్ వ్యాజ్యంలో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం, ప్రవేశాలలో జాతిని పరిగణించరాదని తీర్పు చెప్పింది. మరుసటి ఏడు టెక్సాసు శాసనసభ ఒక చట్టం చేసింది. తన ఉన్నత పాఠశాలలో, తన తరగతిలో, తొలి 10 శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ప్రవేశం ఖాయమన్నది దాని సారాంశం. గ్రేడుల సగటు ఎంత అని కాక, ఎవరి నడుమ ఎన్నవ స్థానం అని అడిగారన్నమాట. అంతకు మునుపు ఆస్టిన్‌కు వచ్చేవారిలో పెద్ద భాగం కొద్దిపాటి బడులనుండే వచ్చేవారు. చట్టం తరువాత కొత్త బడుల పేర్లు ఆ పట్టికకు ఎక్కాయి.

నాకు ఈ పద్ధతి నచ్చింది. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. నా పక్షపాతం ఎటో చదువరులు గ్రహించే ఉంటారు. ఆదివారం పత్తితీతకు పోయి, సోమవారం గణవిభజన తప్పు లేకుండా చేసి చూపిన పిల్ల పదవ తరగతిలో 600కు 480 తెచ్చుకొని మా బడికి మొదటిదిగా నిలిచింది. పట్నంలో రేయింబవళ్ళు రుబ్బించే బడిలో 540 తెచ్చుకొన్నవాడు తన తరగతిలో ఏ ముప్పదవవాడో అవుతాడు. వీరిద్దరిలో ఎవరిది ఎక్కువ శక్తి? ఒట్టి మార్కులు చూసేవారికి ఈ సందేహమే కలుగదు.

మనవైపు కూడా ఈ ఆలోచన లేకపోలేదు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, పదవ తరగతికి గ్రేడు పాయింట్లున్న కాలంలో, ప్రభుత్వ బడి పిల్లల సగటుకు 0.4 కలిపి ప్రవేశాలు జరిపింది. స్థానాన్ని చూడలేదు గాని, పిల్ల ఎక్కడినుండి వచ్చిందో చూసింది.

స్థానపద్ధతికీ దోషాలున్నాయి. శివారు బడులలో దశాంశ బిందువు తరువాత మూడవ అంకె దగ్గర పోటీ జరుగుతుంది. ఏపీ పాఠ్యాంశాలకు (మన రాష్ట్రం కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఎక్కువ విలువ కట్టే బడిలో, సంగీతమో చిత్రలేఖనమో ఇష్టపడి తీసుకొన్నవాడు వెనుకబడతాడు. పిల్లవాడు ఏమి నేర్చుకోవాలో సగటు నిర్ణయించడం నాకు సమ్మతం కాదు. ఇంకొకటి: ఈ హామీ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికే గాని కోరిన శాఖకు కాదు. కంప్యూటరు సైన్సుకు వేరే వడపోత ఉన్నది. అది సబబే. గుమ్మం దాటడానికి స్థానం చూడాలి. ఏ గదిలో కూర్చోవాలో చెప్పడానికి గ్రేడులూ చదివిన విషయాలూ చూడాలి.

నా అభ్యంతరం వేరొకచోట. 2009లో చట్టాన్ని సవరించి, ఆస్టిన్‌లో టెక్సాసు వాసుల సీట్లలో 75 శాతానికి మించి ఈ హామీ కింద నింపనక్కరలేదన్నారు. దరఖాస్తులు పెరిగినకొద్దీ గీత పైకి జరిగింది. చాలాకాలం 6 శాతం దగ్గర ఉండి, 2026లో చేరేవారికి 5 శాతమయింది. ఆరువందలమంది ఉన్న బడిలో 5 శాతమంటే ముప్పదిమంది. ముప్పదిమందే ఉన్న పల్లె బడిలో, పదిశాతం నాడు ముగ్గురికి దక్కిన హామీ నేడు ఒక్కరికే మిగిలింది. ఆ రెండవ పిల్లకూ మూడవ పిల్లకూ ఇప్పుడు ప్లేనో కుఱ్ఱవాడి వరుసలోనే స్థానం. ఆ వరుసలో వ్యాసాలు దిద్దించే శిక్షకులెవరికి ఉంటారో, వేసవి శిబిరాలకు పంపగల తల్లిదండ్రులెవరికి ఉంటారో వేరే చెప్పనక్కరలేదు.

ఫ్రిస్కో మిత్రులు అన్యాయమంటూ ఫోను చేసినప్పుడు, ఈ ఇద్దరి సంగతి కూడా వారిని అడుగుతున్నాను.